వర్షారణ్యాలను నరికేది ఎవరు? గొడ్డలి ఒకరిది, పట్టా ఇంకొకరిది

టీచర్ గారూ, మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు అశ్వారావుపేట దగ్గర హైస్కూల్లో సోషల్ చెబుతారు. మీ పాఠ్యపుస్తకంలో ఉష్ణమండల వర్షారణ్యాల నరికివేతకి కారణాలు అన్నచోట జనాభా పెరుగుదల, పోడు, కలప, గనులు అని వరసగా ఉంది. పాఠం చెబుతుంటే ఒక అమ్మాయి లేచి, "పామాయిల్ కోసం ఇండోనేషియాలో అడవులు కొట్టేస్తున్నారని యూట్యూబ్‌లో చూశాను. మా నాన్న తోట కూడా అలాంటిదేనా?" అని అడిగింది. ఆ నాలుగు కారణాల్లో ఏది పెద్దది, ఆ పిల్లకి ఏం చెప్పాలి అని మీరు అడుగుతున్నారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. వర్షారణ్యం పోతున్నది ఎక్కువగా చెట్టు కోసం కాదు, చెట్టు కింద నేల కోసం. ఆ నేలలో పశువుల మేత, సోయా, ఆయిల్‌పామ్, కాగితం గుజ్జు తోటలు వస్తున్నాయి. 2022లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం, ఉష్ణమండల అడవుల నరికివేతలో 90 నుంచి 99 శాతం దాకా వ్యవసాయం వల్లేనని తేల్చింది. అందులోనే ఇంకో అంకె ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. అలా పోయిన అడవిలో నిజంగా పంటగానో మేతగానో మారింది 45 నుంచి 65 శాతమే. మిగతాది కాలిపోయి మిగిలింది, నరికి వదిలేసింది, రేపు రేటు వస్తుందని పట్టి ఉంచింది. నేను చూసిన దానికి ఈ రెండో అంకే బాగా సరిపోతుంది. అడవిగా ఉన్నంతకాలం ఆ నేల ఎవరిదీ కాదు, నరికిన మర్నాడు ఎవరో ఒకరిది అవుతుంది. మిగతా కథంతా ఇందులోంచే వస్తుంది.

నా సంగతి కూడా చెప్పాలి. మాది ఏలూరు జిల్లా. బాపట్లలో ఏజీ బీఎస్సీ చదివాను. 2008 నుంచి తొమ్మిదేళ్ళు ఇండోనేషియాలో, మధ్య కలిమంతాన్‌లోని సంపిత్ పట్నానికి లోపల, ఆయిల్‌పామ్ తోటల్లో చేశాను. ఫీల్డ్ అసిస్టెంటుగా చేరి ఎస్టేట్ మేనేజరుగా బయటికి వచ్చాను. తర్వాత నాలుగేళ్ళు ఉపగ్రహ చిత్రాలు ముందు పెట్టుకుని, ఫలానా మిల్లుకి వస్తున్న గెలలు ఏ నేల నుంచి వస్తున్నాయో తనిఖీ చేసే పని. ఆ పని మీదే బ్రెజిల్ కూడా రెండుసార్లు వెళ్ళాను. అంటే నేను గట్టు మీద నిలబడి వేలు చూపించే మనిషిని కాను. అడవి నరికిన వైపు నుంచే జీతం తీసుకున్నాను.

మొదట ఒక చిన్న సంగతి, నేను కళ్ళారా చూసింది

2009లో మా కంపెనీకి (పేరు చెప్పను) మెంతాయా నదికి కలిసే ఒక వాగు పక్కన కొత్త ప్రాంతానికి అనుమతి వచ్చింది. దేశాధ్యక్షుడు సుహార్తో గద్దె దిగాక అధికారాలు జిల్లాలకి దిగాయి. దాంతో తోటల అనుమతులు ఇచ్చే చెయ్యి జిల్లా అధిపతిది అయింది. వాళ్ళు బుపాతి అంటారు, మన కలెక్టరూ జడ్పీ ఛైర్మనూ కలిస్తే ఎంతో అంత. ఆయన ఎన్నికలకి నిలబడాలి, ఎన్నికలకి డబ్బు కావాలి. ఎన్నికల సంవత్సరాల్లో అనుమతులు ఎందుకు జోరందుకుంటాయో మన వాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు.

అనుమతి వచ్చాక ఊరివాళ్ళకి నష్టపరిహారం ఇవ్వాలి. రేటు ఎలా ఉండేదంటే, నిలబడి ఉన్న అడవికి దాదాపు ఏమీ లేదు. నరికి శుభ్రం చేసి, రెండు రబ్బరు మొక్కలు పాతిన నేలకి మంచి రేటు. ఈ కబురు ఊళ్ళోకి వెళ్ళిన వారం నుంచి చైన్‌రంపాల మోత. తెల్లారుజామున నాలుగింటికి మొదలయ్యేది. ఊరివాళ్ళే కాదు, ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి తమ వాటా నరుక్కున్నారు. మూడు నెలల తర్వాత నేను టేపు పట్టుకుని కొలవడానికి వెళ్ళాను. కూలిన మెరంతి మానుల మధ్య జానెడు రబ్బరు మొక్కలు, వాటికి కట్టిన ఎర్ర గుడ్డపీలికలు. ఒక పెద్దాయనని, దాయక్ అనే ఆదివాసి తెగ మనిషి, అడిగాను: "తాతల నాటి అడవి కదా, ఎందుకు కొట్టేశారు?" ఆయన నన్ను వింతగా చూశాడు. "పాక్, అడవిగా ఉంటే మీరు డబ్బివ్వరు కదా" అన్నాడు. పాక్ అంటే అయ్యా అన్నట్టు.

ఆ జాబితా రాసింది నేను. కింద సంతకం కూడా నాదే ఉంది.

ఇప్పుడు లెక్కల్లో చూడండి. ఆ నరికివేత ఎవరి ఖాతాలో పడింది? "స్థానికులు, చిన్న రైతులు". కంపెనీ తన నివేదికలో, మేము వచ్చేసరికే అక్కడ అడవి లేదు అని రాసుకుంది. అబద్ధం కూడా కాదు! పెద్దాయనకి ఒక మోటార్‌సైకిలు, ఇంటి మీద రేకులు వచ్చాయి. నేల మీద కంపెనీకి 35 ఏళ్ళ సాగు హక్కు వచ్చింది. మీ పిల్లలకి పాఠంలో 'పోడు' అని కనిపించే మాట వెనక ఇలాంటివి చాలా ఉంటాయి.

పోడు మీద నింద ఎంత నిజం?

అసలు పోడు వేరు. కలిమంతాన్‌లో దాన్ని లదాంగ్ అంటారు. చిన్న ముక్క నరికి, కాల్చి, ఒకటి రెండేళ్ళు కొండవరి వేస్తారు. తర్వాత రబ్బరో పేమో నాటి, పదీ పదిహేనేళ్ళు వదిలేసి ఇంకో ముక్కకి పోతారు. మన ఏజెన్సీలో ముసలివాళ్ళు చెప్పే పాత పోడు ఇలాంటిదే. ఉపగ్రహ చిత్రంలో అది అతుకుల బొంతలా కనిపిస్తుంది. ఒక అతుకు లేత, ఒకటి ముదురు, కానీ అన్నీ పచ్చనివే. తోట కోసం కొట్టిన అడవి గోధుమరంగు దీర్ఘచతురస్రంలా కనిపిస్తుంది, అంచులు స్కేలు పెట్టి గీసినట్టుంటాయి. నాలుగేళ్ళు ఆ చిత్రాలే చూశాను. ఈ రెంటినీ ఒకటని పొరబడటం కష్టం.

ఆఫ్రికాలో మాత్రం కథ వేరు, అది ఒప్పుకోవాలి. కాంగో అడవుల్లో నేను పనిచేయలేదు. కానీ అక్కడ నరికివేతలో పెద్ద వాటా చిన్న చిన్న కమతాలదీ, బొగ్గుదీ. కాంగో రాజధాని కిన్షాసా అంత మహానగరంలో కోటి మందికి పైగా జనం వంట చాలావరకు కట్టెబొగ్గు మీదే. దాన్ని వాళ్ళు మకాలా అంటారు. అక్కడ గ్యాస్ లేదు, కరెంటు నమ్మకం లేదు. కాబట్టి "పేదరికం కారణం కాదు" అని పిల్లలకి చెప్పేయకండి. ఏ ఖండం గురించి మాట్లాడుతున్నామో ముందు అడగమనండి.

జనాభా సంగతి

పుస్తకం మొదటి కారణంగా రాసిందాన్ని నేను చివరికి నెడతాను. కారణం బ్రెజిల్ అంకెలు. అక్కడ ఇన్‌పే అనే అంతరిక్ష పరిశోధన సంస్థ 1988 నుంచి ఏటా అమెజాన్ నరికివేతని కొలుస్తోంది. 2004లో 27,772 చదరపు కిలోమీటర్లు పోయింది. 2012 నాటికి అది 4,571కి దిగింది. ఆ ఎనిమిదేళ్ళలో బ్రెజిల్ జనాభా తగ్గలేదు, పెరిగింది. సోయా దిగుబడీ పెరిగింది. తగ్గింది నరికివేత ఒక్కటే, అదీ ఐదింట నాలుగు వంతుల పైన. మళ్ళీ 2021కల్లా 13,000 దాటింది. 2024కి 6,300 దగ్గరికి దిగింది. జనాభా ఇలా దిగి, ఎక్కి, దిగదు కదా. ఇలా ఆడేవి ప్రభుత్వాలు, ధరలు, చట్టాలు.

మరి 2004 తర్వాత ఏం చేశారు? మరీనా సిల్వా పర్యావరణ మంత్రిగా ఉన్నప్పుడు రోజూ ఉపగ్రహంతో నిఘా పెట్టి, తాజాగా నరికిన చోటికి మనుషుల్ని పంపారు. 2006లో పెద్ద సోయా వ్యాపారులు, కొత్తగా నరికిన నేలలో పండిన సోయా కొనం అని ఒప్పుకున్నారు. 2008లో ఇంకో పని జరిగింది, నా లెక్కలో అదే అసలైన దెబ్బ: అమెజాన్‌లో భూమి కాగితాలు, పర్యావరణ కాగితాలు చూపించనిదే బ్యాంకులు వ్యవసాయ రుణం ఇవ్వకూడదన్నారు. కాగితం కోసం నరికేవాణ్ణి కాగితం దగ్గరే పట్టుకున్నారు.

కీచురాళ్ళ డబ్బా

పోర్చుగీసులో గ్రిలాజెం అనే మాట ఉంది. గ్రీలో అంటే కీచురాయి. దొంగ భూమి పత్రాలు తయారుచేసి, వాటిని కీచురాళ్ళున్న డబ్బాలో వేసి మూతపెట్టేవారట. కొన్నాళ్ళకి పత్రం పసుపెక్కి, అంచులు కొరికినట్టయి, తాతల నాటిదిలా తయారవుతుంది. అక్కడ భూకబ్జాకి ఆ పురుగు పేరే నిలిచిపోయింది. పాత స్టాంపు పేపర్లకి గిరాకీ ఎందుకుంటుందో తెలిసిన మన ఊళ్ళ వాళ్ళకి ఇది కొత్త విద్యేం కాదు.

అమెజాన్‌లో ఈ కబ్జా ఎలా నడుస్తుందో వరసగా చెబుతాను, ఎందుకంటే ఈ వరసలోనే కారణాలన్నీ ఉన్నాయి.

ముందు రోడ్డు పడుతుంది. అమెజాన్‌లో నరికివేత 95 శాతం రోడ్డుకి ఐదున్నర కిలోమీటర్ల లోపో, నదికి కిలోమీటరు లోపో జరిగిందని ఒక పరిశోధన చూపించింది. 1970లో సైనిక ప్రభుత్వం ట్రాన్స్ అమెజాన్ రహదారి మొదలుపెట్టినప్పుడు నినాదం, మనుషుల్లేని నేల, నేల లేని మనుషులకి. అక్కడ అప్పటికే ఆదివాసులు ఉన్నారన్నది లెక్కలోకి రాలేదు. తర్వాత 1984లో ప్రపంచబ్యాంకు అప్పుతో బీఆర్-364 రోడ్డుకి తారు వేశారు. రొండోనియా రాష్ట్రంలో 1970లో లక్షా పదివేల మంది ఉన్నచోట 1991కి పదకొండు లక్షలు దాటారు. వచ్చినవాళ్ళలో చాలామంది దక్షిణాన సొంత నేల పోగొట్టుకున్న పేద రైతులు. వాళ్ళకి పట్టా రావాలంటే నేలని "అభివృద్ధి" చేసినట్టు చూపించాలి. అడవిని నరకడమే అభివృద్ధి కింద లెక్క. అడవి ఉంచుకున్నవాడు సోమరి, వాడి నేల ఇంకొకడికి పోతుంది. చట్టమే అలా చెబుతుంటే మనిషి ఏం చేస్తాడు?

రోడ్డు వెనకాలే కలపవాళ్ళు వస్తారు. ఎకరాకి ఒకటో రెండో విలువైన మానులు ఏరుకుని పోతారు. అడవి మొత్తాన్ని వాళ్ళు కొట్టరు, కానీ లోపలికి దారి వేసేది వాళ్ళే, మిగతా నరికివేతకి పెట్టుబడి వచ్చేదీ ఆ కలప నుంచే. ఇండోనేషియాలో దీనికి ఇంకో మెలిక ఉంది. 1967 నుంచి కలప కంపెనీలకి ఇచ్చిన అడవులు కొన్నేళ్ళకి పలచబడ్డాయి. అప్పుడు, ఇది ఎలాగూ పాడైన అడవి కాబట్టి తోటకి ఇవ్వచ్చు అన్నారు. తోట అనుమతి తీసుకుని, కలప అమ్ముకుని, ఒక్క మొక్కా నాటకుండా మాయమైన కంపెనీలు కూడా ఉన్నాయి. కలప పాత్ర ఇది. తలుపు తెరుస్తుంది, ఇంట్లో కాపురం వేరేవాళ్ళు ఉంటారు.

తర్వాత ఎండాకాలంలో నిప్పు. నరికినది ఎండాక తగలబెడతారు. 2019 ఆగస్టు 10న బీఆర్-163 రహదారి పక్కన నోవో ప్రోగ్రెస్సో ఊరి చుట్టూ భూస్వాములు ఒక్కటై నిప్పు పెట్టిన రోజుని అక్కడ "నిప్పు రోజు" అనే పిలుస్తారు.

అక్కడ గడ్డి విత్తనం చల్లి, ముళ్ళకంచె కట్టి, పశువుల్ని వదులుతారు. హెక్టారుకి ఒక పశువు. ఇది చూసి నేను మొదట నవ్వాను. మా ఊళ్ళో రెండు గేదెలకి అరెకరం గడ్డి చాలు. నాతో వచ్చిన బ్రెజిల్ మిత్రుడు నవ్వలేదు. "వీటిని మాంసం కోసం పెంచుతున్నారనుకుంటున్నావా? ఇవి కాపలా" అన్నాడు. నేల ఆక్రమణలో ఉందని చూపించడానికి ఆవుని మించిన చవక సాక్షి లేదు. కంచె లోపల నాలుగు ఆవులుంటే అది సాగులో ఉన్న భూమి. మాంసం వచ్చినా మంచిదే. బ్రెజిల్ గొడ్డుమాంసంలో ఎక్కువ భాగం ఆ దేశస్థులే తింటారు, అదంతా విదేశాలకి పోతుందన్నది అపోహ.

ఆఖరున క్రమబద్ధీకరణ. 2009లో ఒక చట్టం, 2017లో గడువు పొడిగిస్తూ ఇంకోటి. మధ్యలో 2012 అటవీ చట్టం 2008కి ముందటి అక్రమ నరికివేతల్లో చాలావాటికి జరిమానా మాఫీ చేసింది. ప్రతి మాఫీ వెనకా, ఇంకో నాలుగేళ్ళు ఆగితే మనదీ అవుతుందన్న ధీమా మిగులుతుంది. మన దగ్గర లేఅవుట్ల రెగ్యులరైజేషన్ గడువు ఎన్నిసార్లు పెరిగిందో గుర్తు చేసుకుంటే ఆ ధీమా ఎక్కడి నుంచి వస్తుందో అర్థమవుతుంది.

ఈ వరసకి అడ్డుపడినవాళ్ళని చంపారు కూడా. రబ్బరు పాలు తీసే కూలీల నాయకుడు షికో మెండిస్‌ని 1988 డిసెంబర్ 22న షపురిలో, ఆయన ఇంటి వెనకే కాల్చారు. సన్యాసిని డొరోతీ స్టాంగ్‌ని 2005లో అనాపులో. రెండు చోట్లా తగాదా నేల గురించే.

ఇక ఆయిల్‌పామ్

మీ విద్యార్థినికి ఇది ఆసక్తిగా ఉంటుంది, ఎందుకంటే ఆ పిల్లకి గెల అంటే ఏమిటో తెలుసు.

అడవికి, ఆయిల్‌పామ్‌కి తగాదా భూగోళం దగ్గరే మొదలవుతుంది. ఈ చెట్టుకి ఏడాది పొడవునా వాన, వేడి కావాలి. భూమధ్యరేఖకి అటూ ఇటూ పది డిగ్రీల లోపు బాగా కాస్తుంది. సరిగ్గా అక్కడే వర్షారణ్యాలున్నాయి. గోధుమకి ఈ గొడవ లేదు.

రెండోది మిల్లు గడియారం. గెల కోశాక 24 గంటల్లో మిల్లు ఎక్కాలి, లేకపోతే కాయలో ఆమ్లం పెరిగి నూనె నాణ్యత పడిపోతుంది. మీ దగ్గర రైతులకి ఈ కంగారు బాగా తెలుసు. గంటకి 60 టన్నులు ఆడే మిల్లు కట్టారంటే దాని చుట్టూ సుమారు పదీ పన్నెండు వేల హెక్టార్ల తోట ఉండాలి, అదీ దగ్గరలో ఉండాలి. అందుకే అడవి మధ్య ఒక మిల్లు లేచిందంటే, చుట్టూ ఉన్న నేల జాతకం ఆ రోజే రాసినట్టు. మిల్లు పొగగొట్టం కనబడగానే మా చుట్టుపక్కల జావా, సులవేసి వైపు నుంచి వచ్చిన చిన్న రైతులు రెండేసి హెక్టార్లు కొట్టుకుని మొక్కలు పెట్టడం చూశాను. వాళ్ళ గెలలు ఎవరు కొంటారన్న బెంగ లేదు మరి. ఇండోనేషియాలో ఆయిల్‌పామ్ విస్తీర్ణంలో సుమారు 40 శాతం ఇప్పుడు చిన్న రైతులదే. కంపెనీలనే తిట్టేవాళ్ళకి ఈ అంకె నచ్చదు. రైతులనే తిట్టేవాళ్ళకి మిల్లు ఎవరిదన్న ప్రశ్న నచ్చదు.

మూడోది పీట్ నేల, వాళ్ళ మాటలో గంబుత్. కుళ్ళీ కుళ్ళని ఆకులు, కొమ్మలు వేల ఏళ్ళుగా నీళ్ళలో పేరుకున్న నేల. మొదటిసారి వెళ్ళినప్పుడు మా ఫోర్‌మన్ ఒక వెదురుగడ నా చేతికిచ్చి గుచ్చమన్నాడు. రెండు చేతులతో నొక్కితే నిలువునా దిగిపోయింది. ఇంకో గడ కట్టి నొక్కినా అడుగు తగల్లేదు. ఆ నేలలో తోట వేయాలంటే కాలవలు తవ్వి నీరు తీసేయాలి. నీరు పోగానే నేల కుంగుతుంది, మొదటి ఐదేళ్ళలో మీటరు పైనే, తర్వాత ఏటా నాలుగైదు సెంటీమీటర్లు. వేళ్ళు బయటపడి చెట్లు తాగుబోతుల్లా అటూ ఇటూ వాలతాయి. ఎండిన ఆ నేల బొగ్గుతో సమానం. పైన మంట ఆర్పినా లోపల కొరకొర కాలుతూనే ఉంటుంది, పది గజాల అవతల పొగ పైకి లేస్తుంది.

2015 సెప్టెంబరు, అక్టోబరు నెలలు నేను మర్చిపోలేను. మధ్యాహ్నం పన్నెండింటికి లైట్లేసుకుని జీపు నడిపాం. సూర్యుడు కుంకుమబొట్టులా ఉండేవాడు, కళ్ళు చిట్లించకుండా చూడొచ్చు. 300 దాటితేనే ప్రమాదం అనే గాలి సూచీ మధ్య కలిమంతాన్ రాజధాని పాలంగ్కరాయలో 2,000 దగ్గరికి వెళ్ళింది. నా భార్యనీ, రెండేళ్ళ పిల్లాణ్ణీ విమానం ఎక్కిద్దామంటే విమానాలు దిగడం లేదు. తడిగుడ్డలు తలుపుల కింద కుక్కి పడుకున్నాం. ఆ ఏడాది ఇండోనేషియాలో 26 లక్షల హెక్టార్లు కాలింది. నష్టం 1,600 కోట్ల డాలర్లని ప్రపంచబ్యాంకు లెక్కగట్టింది.

మా మధ్య కలిమంతాన్ వైపు మంటలు ఎక్కువగా ఎక్కడ రేగాయో చూస్తే ప్రభుత్వం పాత్ర కనిపిస్తుంది. 1996లో సుహార్తో మధ్య కలిమంతాన్‌లో పది లక్షల హెక్టార్ల పీట్ అడవిని వరి పొలాలు చేస్తానన్నాడు. 4,000 కిలోమీటర్ల పైగా కాలవలు తవ్వారు, జావా నుంచి వేల కుటుంబాల్ని తెచ్చి దింపారు. ఆ పుల్లని నేలలో వరి పండలేదు. మరుసటి ఏడాదే ఎల్‌నినో కరువు వచ్చి అందులో పెద్ద భాగం తగలబడింది. కాలవలు మాత్రం మిగిలాయి, ప్రతి కరువు ఏడాదీ అవే నేలని ఎండబెడుతున్నాయి. తిండిగింజల పేరుతో అలాంటి పథకమే ఇప్పుడు పాపువాలోని మెరౌకేలో చెరకు, వరి అంటూ ఇంకా పెద్ద ఎత్తున మొదలైంది. నేను పందెం కాసే మనిషిని కాను గానీ, కాస్తే దాని మీద కాయను.

గనులు, డ్యాముల గురించి క్లుప్తంగా: విస్తీర్ణంలో వాటి సొంత వాటా చిన్నది, కానీ అవి తెచ్చే రోడ్డు, జనం వల్ల నష్టం పెరుగుతుంది. పెరూలోని మద్రే దె దియోస్‌లో బంగారం వేట పాదరసంతో సహా రహదారి పక్కనే పాకింది. బ్రెజిల్‌లో బల్బీనా డ్యామ్ సుమారు 2,360 చదరపు కిలోమీటర్లు ముంచి ఇచ్చే కరెంటు సామర్థ్యం 250 మెగావాట్లు. అంత దండగ డ్యామ్ ఇంకోటి వెతకడం కష్టం.

నిప్పుని మాత్రం ఇకముందు వేరే కారణంగా రాసుకోవాలేమో. 2024లో ఉష్ణమండలంలో 67 లక్షల హెక్టార్ల ఆది అడవి, అంటే మనిషి నరకని పాత అడవి, పోయింది, తెలంగాణ విస్తీర్ణంలో సగం కంటే ఎక్కువ. దాదాపు సగం నష్టం మంటలదే. తడి అడవి తనంతట తాను అంటుకోదు. పక్క బీడులో పెట్టిన నిప్పు, కరువులో ఎండిన అడవిలోకి పాకుతుంది.

మన వాటా

పామాయిల్ దిగుమతిలో ప్రపంచంలో మనమే మొదటివాళ్ళం, ఏటా 80 లక్షల టన్నులకి అటూ ఇటూ. ఒకప్పుడు రేషన్ డిపోలో ఇచ్చిన ప్యాకెట్, ఇప్పటి బజ్జీల బండి, బిస్కెట్, సబ్బు, అన్నిటా ఉంది. 2022 ఏప్రిల్ 28 నుంచి దాదాపు నాలుగు వారాలు ఇండోనేషియా ఎగుమతి ఆపితే ఇక్కడ నూనె ధరలు ఎలా ఎగిరాయో మీకు గుర్తుండే ఉంటుంది.

అయితే మానేయమని నేను చెప్పను. హెక్టారు పామ్ మూడు నుంచి నాలుగు టన్నుల నూనె ఇస్తుంది, సోయా అర టన్ను దగ్గర ఆగుతుంది. పామ్ మాని సోయా నూనె కొంటే నేల ఇంకా ఎక్కువ కావాలి, ఆ సోయా బ్రెజిల్ నుంచి కూడా వస్తుంది. చేయగలిగింది వేరే ఉంది: ఏ నేలలో పండిందో చెప్పకపోతే కొనం అనడం. ఐరోపా సమాఖ్య 2020 డిసెంబర్ 31 తర్వాత నరికిన నేల సరుకు రానివ్వం అని 2023లో చట్టం చేసింది. అమలు వాయిదాల మీద నడుస్తోంది అనుకోండి. మన దగ్గర ఆ ప్రశ్న అడిగే కొనుగోలుదారే అరుదు. నేను తనిఖీలు చేసిన రోజుల్లో ఐరోపాకి వెళ్ళే ట్యాంకరుకి దస్తా కాగితాలు, మన రేవులకి వచ్చే ట్యాంకరుకి ధర ఒక్కటే. ఇది చేదుగా ఉంటుంది గానీ నిజం.

ఆ అమ్మాయికి ఏం చెప్పాలి?

వాళ్ళ నాన్న తోట అడవి నరికి వేసినది కాకపోవచ్చు అని చెప్పండి. మన రెండు రాష్ట్రాల్లో ఆయిల్‌పామ్ చాలావరకు అప్పటికే సాగులో ఉన్న భూముల్లో వచ్చింది. మా వైపు పొగాకు, జీడిమామిడి, చెరకు తీసేసి వేశారు. మన తోటల మీద అడగాల్సిన ప్రశ్న నీరు. కలిమంతాన్‌లో నేను ఒక్క చెట్టుకీ నీళ్ళు పెట్టలేదు, వానే చాలు. ఇక్కడ వేసవిలో చెట్టుకి రోజుకి 200 లీటర్ల పైన బోరు నుంచి తోడాలి. "నాన్నా, మన బోరు పదేళ్ళ కింద ఎంత లోతు, ఇప్పుడెంత?" అని ఇంట్లో అడిగి రమ్మనండి.

ఇంకో కథ కూడా చెప్పొచ్చు. తనిఖీల మీద మలేషియాలోని పెరాక్ వెళ్ళినప్పుడు ఒక తెలుగు పెద్దాయన కలిశారు. వాళ్ళ తాత కంగాణీ (కూలీల్ని పోగుచేసి తీసుకెళ్ళే మేస్త్రీ) వెంట ఓడెక్కి రబ్బరు ఎస్టేటుకి వెళ్ళినవాడు. "మా తాత అడవి కొట్టాడు బాబూ, జలగలు పట్టి కాళ్ళు పుళ్ళు పడేవంట" అన్నారాయన. రబ్బరు పోయి అదే నేలలో పామ్ వచ్చింది. మీకు నేల ఏమైనా ఉందా అని అడిగాను. ఆయన నవ్వి, ఎస్టేటు లైను ఇంట్లోంచి ఎప్పుడు పొమ్మంటారో తెలీదన్నారు. మూడు తరాల గొడ్డలి వాళ్ళది, కాగితం ముందు ఇంగ్లీషువాళ్ళది, తర్వాత ఇంకెవరిదో.

తరగతిలో చేయించడానికి ఒకటి. స్కూల్లో ప్రొజెక్టరు ఉంటే గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల చిత్రాలు తెరవండి, 1984 నుంచి ఉంటాయి. బ్రెజిల్‌లోని రొండోనియా, అరికెమెస్ ఊరు వెతకండి. సంవత్సరాలు ఒక్కొక్కటే ముందుకి జరపండి. ముందు ఒక గీత, దానికి అడ్డంగా చేపముల్లు లాంటి గీతలు, తర్వాత ముళ్ళ మధ్య ఖాళీలు గోధుమరంగులోకి మారడం పిల్లలు వాళ్ళంతట వాళ్ళే పట్టేస్తారు. తర్వాత మాతో గ్రోసో రాష్ట్రంలో షింగూ పార్కు దగ్గరికి రండి. 1961లో ఆదివాసులకి రాసిచ్చిన నేల అది. చుట్టూ సోయా పొలాలు, మధ్యలో ఆ పచ్చ ముక్క, అంచు గీసినట్టు. ఆ అంచుకి అటు ఏ కాగితం ఉంది, ఇటు ఏ కాగితం ఉంది అని అడిగి, కాసేపు ఏమీ చెప్పకుండా ఊరుకోండి.